రాతి సింహంలో గొంతు

తొమ్మిదో ప్రకరణం

కొండ కొమ్మున, మబ్బులకు గుమ్మం ఎత్తినట్టు నిలిచిన వజ్రశిలా నగరంలో ఆనాడు నిండు పేరోలగం. యువరాణి మంజీరప్రభకు పట్టం కట్టి సరిగ్గా నలభై రోజులు. నూరు స్తంభాల సభామండపంలో సామంతులు, సేనానులు, పురప్రజలు కిక్కిరిసి కూర్చున్నారు. స్తంభాల మీద చెక్కిన పాముపడగల్లో పొదిగిన కెంపులు పొద్దుటెండకు నిప్పుకణికల్లా రాజుకున్నాయి. మండపానికి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల ఆకాశం, దాని కింద రెండు వందల నిలువుల లోయ. ఆ లోయ గాలి పైకి లేచి సామంతుల తలపాగాల కుచ్చులను ఊపి పోతోంది. మండపం నడుమ ఏనుగంత నల్లరాతి సింహం ఒకటి ముందుకాళ్ళు చాచి కూర్చుంది. ఆ కాళ్ళ మధ్యనే సింహాసనం.

ఆ సింహం కడుపులో గురివి కూర్చుని చెమటలు కక్కుతోంది.

గురివి తేనెకొండ పిల్ల. పదహారేళ్ళు. తండ్రి సింగన్న కొండచరియల మీద తాళ్ళు కట్టుకుని దిగి పెద్దతేనె తీసేవాడు. నలభై రోజుల కిందట తేనెకుండ నెత్తిన పెట్టుకుని కోటకు వచ్చినప్పుడు, "ఎవతివే నువ్వు?" అని కాపలావాడు గద్దిస్తే తన పేరు తాను చెప్పలేక నీళ్ళు నమిలింది. ఆ పిల్లే, ఒక ముసలామె కాలు జారి చరియ అంచుకు దొర్లిపోతుంటే, "పట్టుకోండి!" అని ఒక్క కేక వేసింది. కోటగోడలు అదిరాయి. బురుజు మీద దిగులుగా నిలబడ్డ మంత్రి విశారదుడు ఆ కేక విన్నాడు.

ఆయన దిగులుకు కారణం ఉంది. మాంత్రికుడు ధూమ్రకేశుడు ఆ ముందురోజే అంతఃపురంలో చొరబడి, రాణి గొంతును ఒక నల్లశంఖంలోకి లాగేసి మాయమయ్యాడు. గొంతు లేని రాణి సభ ఎలా తీరుస్తుంది? పైగా వంశకర్త చెక్కించిన శాసనం మొదటి స్తంభం మీద అందరికీ కనబడుతూనే ఉంది: 'ఈ సింహాసనం నుంచి పరుల గొంతు పలికినట్టు ఎవరు రుజువు చేస్తారో, వారు ఆ సింహాసనాన్ని కోరవచ్చు. పాలకుడు ఆ రోజు సూర్యాస్తమయంలోగా స్వయంగా నోరు విప్పి తన పేరు చెప్పుకుంటే తప్ప, కోరినవారికి అడ్డు లేదు.'

అయినా విశారదుడు తెగించాడు. గురివిని రహస్యంగా రాతి సింహంలో కూర్చోబెట్టాడు. సింహాసనం వీపులో పిడికిలి పట్టేంత కంత ఉంది. రాణి ఆ కంతలో చెయ్యి పెట్టి గురివి అరచేతిలో వేలితో రాసేది. మఠంలో తేనె పోసి నాలుగక్షరాలు నేర్చుకున్న గురివి, ఆ రాత తడుముకుని చదివి, సింహం నోట గట్టిగా పలికేది; దానికి తగ్గట్టు రాణి పెదవులు కదిపేది. రాణి ఉంగరంతో రాతిని ఒకసారి కొడితే 'పలుకు' అని. రెండుసార్లు కొడితే 'ఆగు' అని.

రాయడానికి సమయం పడుతుంది కదా! అందుకని ప్రతి మాటకూ ముందు కాస్త నిశ్శబ్దం ఉండేది. "ఆహా! మన రాణిగారు ఎంత ఆలోచించి మాట్లాడతారయ్యా!" అని సామంతులు తలలూపేవారు. ఆ గొంతు మీద వీధుల్లో పాటలు పుట్టాయి. ఆ పాటలు వింటూ గురివి అంతఃపురం వంటశాల మూలన తల వంచుకుని అన్నం తినేది. ఒక దాసి "ఇంకాస్త పులుసు పోయనా?" అని అడిగితే, వద్దనడానికి కూడా ఆమెకు నోరు పెగిలేది కాదు.

ఆ నలభయ్యో రోజు, మధ్యాహ్నం నగారా ఇంకా మోగకముందు, మరకతద్వీపం రాయబారి వచ్చాడు. నడుము దాకా తెల్లని గడ్డం, చిలకపచ్చ తలపాగా, ఏలకుల వాసన వేసే మాట.

"మహారాణీ! మీ గొంతు ఖ్యాతి ఏడు సముద్రాలు దాటింది. వట్టి చేతులతో ఎలా వస్తాను? చిన్న వేడుక ఒకటి ఏర్పాటు చేశాను. అదుగో, ఆ పిట్టగోడ పక్క స్తంభానికి తాడు కట్టించాను చూడండి. దాని చివర ఒక తేనెగాడు వేలాడుతున్నాడు. వాడిప్పుడు కేక వేస్తాడు. మీరు బదులు పలికితే చాలు, వాడి జన్మ తరిస్తుంది. మా చెవులూ తరిస్తాయి."

"భలే, భలే!" అన్నారు సామంతులు.

సింహం నోట్లోంచి చూస్తున్న గురివికి స్తంభం చుట్టూ బిగిసిన తాడు కనిపించింది. అది అడవిమోదుగ నారతో పేనిన తాడు. ముడి మాత్రం ఎవడో తెలియనివాడు వేసింది. అంతలో లోయ నుంచి కేక లేచింది.

"ఓహో...య్! తాడెవురు పట్టినారు?"

అది సింగన్న గొంతు.

తేనెకొండ పద్ధతి లోకంలో ఇంకెక్కడా లేదు. తాడు పట్టేవాళ్ళు తమ మనుషులే అయి ఉండాలి. దిగినవాడు అడిగితే పైవాళ్ళు పేరు చెప్పి బదులివ్వాలి. తాడుకైనా, తేనెటీగకైనా, పేరు చెప్పనిదే చెయ్యి వేయకూడదు. మూడు కేకలకూ బదులు రాకపోతే పైన మనిషి లేడని లెక్క; ఇక ఆ తాడును నమ్మకుండా వదిలేసి రాయిని పట్టుకోవాలి. తెలిసిన గొంతు వేరే పేరు చెబితే మరీ ఘోరం. అది గొంతులు దొంగిలించే కొండదయ్యం పని. ఆ క్షణమే తాడు కోసేసుకోవాలి. కాని వజ్రశిల కింద చరియ అద్దంలా నున్నన. అక్కడ పట్టుకోవడానికి రాయి ఎక్కడిది?

రాణి వేలు గురివి అరచేతిలో కదిలింది. 'భయపడకు, నేను రాణిని. పైకి రా.'

గురివి పలకలేదు. సభ ఎదురుచూస్తోంది. రాయబారి గడ్డం దువ్వుకుంటున్నాడు. 'ఏమైంది?' అని రాసింది వేలు.

ఈ నలభై రోజుల్లో గురివి ఎప్పుడూ చెయ్యి చాచి రాయించుకోవడమే గాని, తిరిగి రాసింది లేదు. ఇప్పుడు మొదటిసారి రాణి అరచేతిని తన వైపు తిప్పుకుని, వేలితో రాసింది: 'నాన్న.'

"ఓహో...య్! తాడెవురు పట్టినారంటే! రాణికి తేనె కావాల, పైన నీ కూతురే పట్టుకోనుంటాది అని చెప్పి దింపితిరే! యాడుంది నా కూతురు?"

సభలో గుసగుసలు మొదలయ్యాయి. మంత్రి విశారదుడు సింహం వైపు చూసి, వద్దు వద్దన్నట్టు కనురెప్పలు అల్లాడించాడు. గురివి రెండో మాట రాసింది: 'పేరు చెప్పాలి. నా పేరు.'

రాణి చెయ్యి కదలలేదు. తన రాజ్యం మొత్తం ఆ ఒక్క పేరుకు కట్టి ఉందని ఆమెకు అర్థమైంది. ఆ పేరు పలికితే సింహాసనం పోతుంది. పలకకపోతే లోయలో ఒక తండ్రి పోతాడు. మూడో కేక కోసం సింగన్న గుక్క తీసుకోవడం పైదాకా వినిపించింది.

"ఓహో...య్!"

టక్. ఉంగరం రాతిని ఒకే ఒక్కసారి కొట్టింది.

"నాన్నా! గురివిని! నీ కూతురు గురివిని! తాడు నేను పట్టినా, వదలొద్దు!"

ఆ కేకకు కెంపుల పడగలు గల్లుమన్నాయి. అంత గట్టిగా ఆమె ఎన్నడూ అరవలేదు. తాడు దగ్గర అబద్ధమాడిన తేనెకొండ మనిషి ఇంతవరకు పుట్టలేదు. పట్టానని చెప్పింది గనుక పట్టి తీరాలి! గురివి సింహం పక్కటెముకల్లో ఉన్న చాటు తలుపును ఒక్క తన్ను తన్నింది. తలుపు ఊడి దూరాన పడింది. మోకాళ్ళ దాకా బిగించిన ముతక చీర, జుట్టంతా సాలెగూళ్ళు, వెయ్యి జతల కళ్ళ ముందు ఆమె బయటికి దూకి పరుగెత్తి తాడు అందుకుంది.

"చూశారా!" రాయబారి తెల్లగడ్డం పీకి పారేశాడు. చిలకపచ్చ తలపాగా కింద నుంచి పొగలాంటి జుట్టు సుడులు తిరుగుతూ లేచింది. ధూమ్రకేశుడు! "నలభై రోజులుగా ఒక కొండముచ్చు మిమ్మల్ని ఏలిందిరా వజ్రశిల వీరుల్లారా! శాసనం చదువుకోండి. పరుల గొంతు పలికింది, రుజువు చేశాను. సింహాసనం కోరుతున్నాను!"

"సూర్యాస్తమయం దాకా గడువుంది, నీచుడా!" అన్నాడు విశారదుడు.

"ఉంచుకోండి! మీ రాణి ఎంతసేపు మూగసైగలు చేస్తుందో కూర్చుని చూస్తాను."

అతడు పగలబడి నవ్వుతుండగా లోయ నుంచి మళ్ళీ గొంతు వచ్చింది. పైనుంచి బదులు రాగానే, కింద తాను తెలుసుకున్నది చెప్పడం తేనెగాడి అలవాటు.

"పిల్లా! పొగలో కన్ను కానరాలేదు గాని, నా కింద పది బారల్లో ఒక గుహ ఉండాది. తాడు ఆడిదాకా అందలే. ఆ గుహలో ఈగల నడుమ ఎవరో ఆడమనిషి పిలస్తా ఉండాది. 'విశారదా, విశారదా' అంటాంది. ఎవురే ఆ విశారద?"

విశారదుడి చేతిలోని దండం కిందపడింది. శంఖంలోకి గొంతు పోయేముందు రాణి పిలిచిన ఆఖరి పిలుపు అదే.

ధూమ్రకేశుడి నవ్వు సగంలో తెగిపోయింది. ఎవరూ చేరలేని తేనెపట్ల గుహలో శంఖం దాచాడు. సింగన్న అందుకోలేనంత పొట్టిగా తాడు కొలిచి కట్టించాడు. తేనెగాళ్ళు పొగలో చెవులతోనే పనిచేస్తారన్న సంగతి మాత్రం అతడికి తెలియదు. మరుక్షణం అతడి కత్తి ఒర దాటింది. స్తంభం దగ్గర తాడు తెగింది.

గురివి చేతుల్లో ఉన్న తాడు ఆమెను ఈడ్చుకుపోయింది. అరచేతుల చర్మం లేచింది. పిట్టగోడకు రెండు పాదాలూ తన్నిపెట్టి, తాడును నడుముకు ఒక మెలిక వేసి వెనక్కి వాలింది. గోడరాళ్ళు కిరకిరలాడాయి. ఇంకొక్క లాగుతో ఆమె కూడా లోయలోకి పోయేదే! అంతలో రెండు చేతులు వెనకనుంచి ఆమె నడుమును వాటేసుకున్నాయి. వాటి నిండా రాచగాజులు. మంజీరప్రభ కిరీటం ఎక్కడో దొర్లిపోయింది. ఇద్దరమ్మాయిలూ పళ్ళు బిగబట్టి లాగారు. ఇంతలో సేనానులు తేరుకుని పరుగున వచ్చి తాడు పట్టారు.

ధూమ్రకేశుడు చేతులు చాచాడు. అవి రెక్కలయ్యాయి. పెద్ద బూడిదరంగు రాబందు ఒకటి పిట్టగోడ దాటి లోయలోకి మునిగింది.

సింగన్న ఉడుములా పిట్టగోడ మీదికి పాకి వచ్చాడు. మొహమంతా మసి, ఎడమచెయ్యి చరియకు కొట్టుకుని వాచిపోయింది. కూతుర్ని చూశాడు, ఆమె నడుము పట్టుకున్న రాణిని చూశాడు.

"ఏమే, అంతఃపురంలో గిన్నెలు తోముతాండానని చెప్పి పంపితివి గదే?"

గురివి తల వంచుకుంది. ఆమెకు మళ్ళీ సిగ్గు ముంచుకొచ్చింది. సభ అంతా తననే చూస్తోంది. ముందు వరసలో ఒక సామంతుడు మీసం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా అన్నాడు: "ఛీ! తేనె అమ్ముకునే పిల్ల గొంతుకా మనం నలభై రోజులు దండాలు పెట్టింది!"

గురివి తల ఎత్తింది. తాడు ఇంకా ఆమె నడుముకే ఉంది. తాడు కట్టుకున్న మనిషికి సిగ్గెక్కడిది?

"అయ్యా, మీరు దండాలు పెట్టింది మాటకు. కరువు ఊళ్ళకు ధాన్యం పంపమన్న మాట, ఖైదీల సంకెళ్ళు తియ్యమన్న మాట, అన్నీ రాణిగారివే. ఒక్కటి కూడా నాది కాదు. నాదంటూ ఈ సభలో నేను ఈ పొద్దు ఒక్కటే పలికినా. నా పేరు. దానికి మీరు దండం పెట్టకపోయినా నాకు ఫరవాలేదు."

సామంతుడి చెయ్యి మీసం మీది నుంచి జారింది. మండపం చివరన ఎవరో "శభాష్!" అన్నారు. ఎవరో ముసలామె. కోటగుమ్మం ముందు కాలు జారిన ముసలామే.

"నాన్నా, గుహ దాకా దిగాల. తాడు చాలదు."

సేనానులు మొహాలు చూసుకున్నారు. కోటలో కావలసినన్ని గొలుసులున్నాయి గాని, చరియ మీద వాలేంత మెత్తని తాడు ఎక్కడిది? మంజీరప్రభ పిట్టగోడ మూలకు నడిచింది. అక్కడ వంద అడుగుల స్తంభం మీద వజ్రశిల సింహపతాకం రెపరెపలాడుతోంది. ఆమె దాని పట్టుతాడు ముడి విప్పింది.

"అమ్మా!" విశారదుడు అడ్డుపడ్డాడు. "పతాకం దిగితే కోట ఓడినట్టు! ఏడు తరాలుగా దిగని పతాకం తల్లీ!"

మంజీరప్రభ ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, తాడు సర్రుమని లాగింది. పతాకం దిగింది. దాన్ని మడిచి విశారదుడి చేతుల్లో పెట్టి, తాడు తెచ్చి గురివి ముందు నిలబడింది. తాడు రెండో కొస తన నడుముకు కట్టమని సైగ చేసింది.

సింగన్న గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగనే ఉండాది గాని, తాడు మన మనుసులే పట్టాల గదా. నా చెయ్యి చూస్తే ఇట్లుండె. ఈయమ్మ మనకేమవుతాదే?"

"నలభై రోజులు ఇద్దరం ఒకే నోటితో బతికినాం నాన్నా. ఇంతకన్నా ఇంకేం కావాల?"

సింగన్న ఆ పట్టుతాడును తన తాడు కొసకు కలిపి కట్టాడు. ఆ తర్వాత రాణి నడుముకు తానే ముడి వేసి, మెలిక ఎలా తిప్పాలో, పాదం ఎక్కడ తన్నిపెట్టాలో, కొత్తగా తాడు పట్టే కోడలికి నేర్పినట్టు నేర్పాడు. "ఈగల్ని తిట్టొద్దు. పేరు చెప్పి అడుగు," అని కూతురికి చెప్పి, చెయ్యికాగడా ముట్టించి ఇచ్చాడు.

గురివి గోడ దాటింది.

మధ్యాహ్నపు ఎండలో చరియ వెండిరేకులా మెరుస్తోంది. దాని పొడవునా పెద్దతేనె పట్లు నల్లని సగం చందమామల్లా వేలాడుతున్నాయి. ఒక్కో పట్టు మీద ఈగల పొర నీటి అలలా పైనుంచి కిందికి కదులుతోంది. ఆమె పాదాలు రాతిని తాకి, తోసి, మళ్ళీ తాకుతున్నాయి. యాభై బారలు. అరవై. ఒక్కసారిగా నీడ పడింది. రాబందు! దాని గోరు ఆమె భుజాన్ని చీరేసి పోయింది. గురివి కాగడా గిరగిర తిప్పింది. రెక్క ఈకలు కమిలిన వాసన వచ్చింది. రాబందు కీచుమని తిరిగి పైకి లేచింది.

గుహ ఎదురుగా వచ్చింది. కాని అది లోపలికి రెండు బారలు వెనక్కి ఉంది. చరియను కాళ్ళతో తన్ని, ఊయలలా ఊగి, ఆ ఊపులోనే లోపలికి దూకాలి. ఆ క్షణంలో బరువంతా పైమనిషి మీదే. పైమనిషి గట్టిగా ఉందో లేదో అడగనిదే ఊగకూడదు.

గురివి తల పైకెత్తింది. "ఓహో...య్! తాడెవరు పట్టారు?"

బదులు లేదు. గొంతులేని మనిషి బదులెలా ఇస్తుంది? గాలి హోరుమంటోంది. రాబందు సూర్యుడికి అడ్డంగా తిరిగి, రెక్కలు ముడిచి, రాయిలా కిందికి పడుతోంది.

"ఓహో...య్! తాడెవరు పట్టారు?"

అప్పుడు వినిపించింది. ఎక్కడో పైన, పిట్టగోడ రాతి మీద, ఉంగరం.

టక్.

వజ్రశిలలో ఆ చప్పుడు గురివికి ఒక్కదానికే తెలుసు. నలభై రోజులు అది 'పలుకు' అని చెప్పింది. ఇప్పుడది ఒక పేరు చెప్పింది. గురివి పకపకా నవ్వి, రెండు కాళ్ళతో చరియను తన్నింది. తాడు గాలిలో పెద్ద విల్లులా వంగింది. ఆమె వెళ్ళి గుహ లోపల పడింది.

లోపల గోడంత తేనెపట్టు. దాని నడిమధ్యన, ఈగల కింద నల్లగా నిగనిగలాడుతూ శంఖం. దానిలోంచి సన్నగా, అలసిపోయి, "విశారదా... విశారదా..." అన్న పిలుపు. వెనక రెక్కలు దబదబమని కొట్టుకున్నాయి. గుహ నోరు మూసుకుపోయి చీకటి కమ్మింది. ఆ చీకట్లో రెండు ఎర్రని కళ్ళు వెలిగాయి.

గురివి వెనక్కి తిరిగి చూడలేదు. నడుముకున్న తాడు బిగిసే ఉంది. కాగడా కింద పెట్టి, రెండు చేతులూ చాచి, కోటగుమ్మం ముందు ఎన్నడూ చెప్పలేకపోయిన మాట ఆ లక్ష ఈగల ముందు నిండుగా చెప్పింది.

"నా పేరు గురివి. సింగన్న కూతుర్ని. మీ ఇంట్లో మా అక్క గొంతు ఉంది, తీసుకుపోవడానికి వచ్చినా!"

అని, ఆ నల్లని అలలోకి మోచేతుల దాకా చేతులు పెట్టింది.